బోడగుట్ట కంచె సంగతి

చిక్కడపల్లి,
30-9-1996

తమ్ముడు ఈదయ్యకు అన్న బాలయ్య రాసేది. బిడ్డ నర్మద ఇంటికి క్షేమంగా చేరాను.

మన బోడగుట్టకు కంచె వేయించిన గడ్డి పరిశోధన మేడం ఇంటికి నిన్న అశోక్‌నగర్ వెళ్లాను. కంచె తీయించమని అడుగుదామని పోయాను. గేటు దగ్గరే నిలబడితే ఆమే "లోపలికి రండి పెద్దాయనా" అని పిలిచి, కాగితానికి అంటించిన ఎండుగడ్డి చూపింది. గొర్రెలు ఇష్టంగా మేసే నెంద్రగడ్డి! నాయన పోయినంక గుట్ట మీద అది నా కంట పడలేదు. "మీ గుట్టదేనండీ, కంచె లోపల మొలిచింది" అన్నది.

నాకు తల కొట్టేసినట్లయింది. దసరా తెల్లారి కంచె పీకి మందలు తోలమని నీకు చెప్పి వచ్చింది నేనే కదా. ఆ మాట ఆమె దగ్గర ఒప్పుకుని, "శానా దినాలు మూసినా గడ్డి ముదురుతది మేడం, గొర్రె ముట్టదు. గింజ రాలినంక తోలితే డెక్కల కింద నాటుకొని మళ్లొస్తది" అన్నాను. "ఈ మాట మాకెవరూ చెప్పలేదండీ" అని రాసుకుంది. దీపావళి దాటాక తెరిచి, ఒక్కో పక్క వంతులుగా మేపుకోనిస్తానంది.

అందాక కంచె ముట్టవద్దు. కుంటి గొర్రె ఈనిందా? మరదలు మాసమ్మ దగ్గు తగ్గిందా? నా గొంగడి ఎవరితోనైనా పంపు.

ఈ కార్డు మందల వాళ్లందరికీ చదివి వినిపించు. మేత చాలదని కొట్లాటకు వస్తే నా జొన్నచేను పచ్చిమేతకు కోసి అందరికీ పంచు. గింజ పట్టేదాకా ఆగవద్దు. ఈ ఏడు నేను నర్మద దగ్గరే తింటాను.

పిల్లలు చల్లగా ఉండాలి.

బాలయ్య