మొన్న కట్టిన కమాను

కరీంనగర్ జిల్లా మెట్‌పల్లి మండలం వాసిని, ప్రస్తుతం ఒమాన్‌లో అల్ హైల్ క్యాంపు రూమ్‌లో ఉంటున్న సున్నం మేస్త్రీని, గుండవేని రఘుపతి అను నేను, వయసు యాభై రెండు, గుండె ఆపరేషన్‌కు పోయే ముందు, ఎవరి ఒత్తిడీ లేకుండా, తెలివిలో ఉండి రాసిన మరణశాసనమిది. తెలివి బాగానే ఉంది. చెడింది గుండె ఒక్కటే.

1. ఊళ్ళో ఇల్లు నా భార్య రాములవ్వకు. దర్వాజా మీద కమాను కడతానని ఇరవై ఏళ్ళుగా చెబుతూ వచ్చాను, కట్టలేదు. ఇక కట్టను.

2. బావి కింది ఎకరం చనిపోయిన నా తమ్ముడు లచ్చన్న భార్య కవితకు, సర్వహక్కులతో. ఇది దయ కాదు. కారణం కింది దఫాలో ఉంది.

3. ఇక్కడి మత్రాలో మేము బాగుచేసిన వర్తకుడి ఇల్లు సర్కారు కాపాడే పాత కట్టడాల జాబితాలోది. నడుమ వాకిలి, చుట్టూ రెండంతస్తులు, ఖర్జూరపు దూలాలు, చెక్క జాలీ కిటికీలు. అక్కడ సిమెంటు వాడరాదు, మేకు కొట్టరాదు. లచ్చన్న చొక్కా తగిలించుకోవడానికి మేకు కొట్టాడు. "మీ అయ్య కట్టిన గోడనారా ఇది?" అని అందరి ముందు తిట్టాను. మా ఇద్దరి అయ్యా ఒక్కడే అన్న సంగతి కూడా మరిచాను. వాడు చెప్పకుండా సెలవు మీద పోయాడు. తిరిగొచ్చాక నేనూ పలకరించలేదు. పంతం.

వాడొచ్చిన మర్నాడు ఒక కమాను కింద ఆనించిన సెంట్రింగ్ చెక్కలు విప్పాలి. వీధి కమాను కట్టి నెలైంది, గట్టిపడింది. సైట్ చార్టులో దానికి ఎల్లుండి అని ఉన్నా ఆ రోజే విప్పిద్దామనుకున్నాను. వాకిలి కమాను మొన్న కట్టింది, పచ్చిది. తమ్ముడితో మాట్లాడలేక, తెలుగు రాని ఫోర్‌మన్‌తో చెప్పి పంపాను: "పర్సోం వాలా ఛోడో, దూస్రా ఖోలో."

హిందీలో మొన్నకూ ఎల్లుండికీ ఒకటే మాట, పర్సోం. మొన్నటిది వదిలి రెండోది విప్పమని నేనన్నాను. మొన్న వాడు ఊళ్ళో ఉన్నాడు, వాడికేం తెలుసు? చార్టు చూసి ఎల్లుండిది వదిలాడు. పచ్చిదాని కిందకు పోయాడు.

చావుకు వాడి అజాగ్రత్తే కారణమని రాసిన కాగితం మీద నేను సంతకం పెట్టాను. అది అబద్ధం. తప్పు నాది. ఈ దఫాను కింద సాక్షి సంతకం చేసిన షఫీ మా ఊరికి పోయి కవిత ముందు, నలుగురి ముందు పైకి చదవాలి. చదివితేనే మిగతావి చెల్లుతాయి.

4. నా తాపీ, తూకం గుండు లచ్చన్న బిడ్డ ఆశకు. గోడలో ఆ మేకు బొక్క ఉండేదని కూడా తెలియకుండా పూడ్చాను, అంత పనిమంతుణ్ణి. పీకిన మేకు నా ట్రంకులో ఉంది. అది నాతోపాటు కాలాలి.

5. ఆ రోజు తెలుగులో చెప్పవలసిన మాట ఒక్కటే. దాన్ని కూడా చదవండి: మొన్నటిది ముట్టకు తమ్మీ.

అల్ హైల్, 14 నవంబరు 2008
(సంతకం) గుండవేని రఘుపతి

సాక్షులు:
షఫీ, డ్రైవర్, కడప
రామాంజనేయులు, క్యాంపు వంటమనిషి