మడత పెట్టని గాలిమర

గువ్వకు తాతయ్య ఆశీస్సులు.

నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది, తప్పులూ దొర్లుతాయి. ఓర్చుకో. కత్తెర పట్టిన దర్జీ చెయ్యి కలం మాట వినదు.

నెలాఖరున అధికారులొచ్చి నీ పాఠం వింటారని, వాళ్ళకు నచ్చితేనే పంతులమ్మ ఉద్యోగం ఖాయమవుతుందని రాశావు. మా వీధిలో అందరికీ చెప్పాను. నేను మరిచినవాళ్ళకు మీ అమ్మమ్మ చెప్పింది. నువ్వడిగిన నాలుగు రెక్కల గాలిమర నీలం గుడ్డ మీద ఎర్రగుడ్డతో కుట్టి పంపుతున్నాను.

ఇట్లు, తాతయ్య

తా.క. నీ బొమ్మలో రెక్కలన్నీ ఒకే వైపు తిరిగిపోయాయి. హడావుడిలో గీసినట్టున్నావు. గుడ్డ మధ్యకు మడిచి కోసి కుడి ఎడమలు సరిచేశాను. ఎవరితోనూ అననులే.

*

తాతయ్యకు గువ్వ నమస్కారాలు.

ఎంత పని చేశావు! అవి అలాగే తిరగాలి, ఒకదాన్నొకటి తరుముతున్నట్టు. నువ్వు పంపింది చొక్కాలాగా మధ్యకు మడిస్తే సగానికి సగం కలుస్తోంది. అది రేఖా సౌష్ఠవం. నాకు కావాల్సింది భ్రమణ సౌష్ఠవం. పావు చుట్టు తిప్పినా తిప్పనట్టే ఉండాలి. ఇంకొకటి కుట్టి పెట్టవూ?

నీ గువ్వ

తా.క. పిల్లలు దాన్ని సీతాకోకచిలుక అన్నారు. చాలా బాగుందన్నారు.

*

గువ్వకు దీవెనలు.

మీ మాటలు పెద్దవి. తిప్పినా తిప్పనట్టే ఉండాలి, అంతేగా? గుడ్డ మడిచి, మళ్ళీ మడిచి, మూలకు మూల కలిపి ఇంకో మడత వేసి కోశాను. విప్పితే నాలుగు రేకుల పువ్వు. పావు చుట్టు తిప్పితే, తిప్పానో లేదో నాకే తెలియలేదు. ఇక ఉద్యోగం నీదే.

తాతయ్య

తా.క. ఇప్పుడు కనబడిన ప్రతిదీ తిప్పి చూస్తున్నాను. నాలుగు బెజ్జాల గుండీ మడతకూ కలుస్తుంది, తిప్పినా కలుస్తుంది. కత్తెర దేనికీ కలవదు. బొటనవేలి కన్ను చిన్నది, మిగతా వేళ్ళది పెద్దది. మీ అమ్మమ్మ తింటున్న కంచం తిప్పబోతే గరిటె చూపించింది.

*

తాతయ్యా,

పువ్వు అద్భుతం. తిప్పితే కలుస్తోంది. మడిచినా కలుస్తోంది! అదే వచ్చిన చిక్కు. మడిస్తే కలవకూడదు, తిప్పితేనే కలవాలి. నీ కాళ్ళు పట్టుకుంటాను, గుడ్డ మడవకు. పాఠం వచ్చే శుక్రవారమే.

కంగారులో ఉన్న గువ్వ

తా.క. మడవకుండా ఒక్కటంటే ఒక్కటి కోయలేవా?

*

గువ్వకు,

మడవకుండా కోయమంటే నడవకుండా రమ్మన్నట్టుంది. గుడ్డ పరిచాను. కత్తెర తెరిచాను. మూశాను. ఒంటి పొర గుడ్డ చూస్తే నా చెయ్యి కదలదు.

ఏదైతేనేం, నీ పని అయింది. ముందు ఒక రెక్క, దాన్నే పావు చుట్టు తిప్పి తిప్పి అచ్చుగా పెట్టి మిగతా మూడూ. బస్సు డ్రైవరు చేతికిచ్చాను.

తాతయ్య

తా.క. మడవొద్దని అతనికి గట్టిగా చెప్పాను. జెండాలా పట్టుకుని నడిపాడో ఏమో.

*

తాతయ్యా! ఉద్యోగం ఖాయం!

మూడింటినీ తాడుకు వేలాడదీశాను. సీతాకోకచిలుక మడతకే కలిసింది, గాలిమర తిప్పితేనే కలిసింది, పువ్వు రెంటికీ కలిసింది. పెద్ద అధికారి గాలిమరను అటు మడిచి, ఇటు మడిచి చెమటలు కక్కుతుంటే పిల్లలు "మడవకండి సార్, తిప్పండి!" అని ఒకటే కేకలు. ఆయన నవ్వేసి, "ఇది కోసిందెవరమ్మా?" అన్నారు. "మా తాతయ్య!" అని పక్క గదికి వినబడేలా చెప్పాను.

ఇంకో పది రోజులకు, సోమవారం నువ్వొచ్చి పిల్లల ముందు గాలిమర కోసి చూపించాలట. ఆయన కూడా వస్తారు. వస్తావని మాటిచ్చేశాను.

నీ గువ్వ

తా.క. సిగ్గుపడి ఎగ్గొట్టావో, నా పరువు పోతుంది.

*

గువ్వకు తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం మన కొట్టుకు వచ్చిన వాళ్ళందరికీ చదివి వినిపించాను. "మా తాతయ్య" అన్నచోట రెండేసిసార్లు చదివాను.

కానీ గువ్వా, ఆ గాలిమర కోసింది నేను కాదు. నేను కత్తెర తెరుస్తూ మూస్తూ ఉంటే మీ అమ్మమ్మ వచ్చి "లేవండి" అంది. లేచాను. ఇన్నేళ్ళూ గుండీలు కుట్టడం తప్ప ఆవిడకు నేనే పనీ ఇవ్వలేదు. మడత లేకుండా కరకరా కోసేసింది. "నీకెలా వచ్చిందే?" అంటే, "మడవడం నాకెవరూ నేర్పలేదుగా, అందుకే వచ్చింది" అంది. ఆ మాట కూడా వీధంతా చెప్పాను.

సోమవారం ఆవిడ కోస్తుంది. నేను గుడ్డ పట్టుకుంటాను. మీ అధికారితో "మా అమ్మమ్మ" అని చెప్పు, ఇంకా గట్టిగా.

తాతయ్య

తా.క. ఆవిడ అప్పుడే సంచి సర్దుకుని గుమ్మంలో కూర్చుంది. ఏ బస్సుకు రావాలో వెంటనే జవాబు రాయి. ఆలస్యమైతే నన్నిక్కడే వదిలేసి వచ్చేలా ఉంది.