కుడివైపు కట్టిన తాడు

నర్సీపట్నం,
మంగళవారం

చిరంజీవి శ్రీదుర్గకు అమ్మ దీవెనలు. ఇక్కడ నాన్న, మామ్మ కులాసా. నేనూ కులాసాయే అని రాయాలి గానీ, నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

ఫుట్‌బాల్ క్యాంపులో ఆదివారం పది నిమిషాలే ఫోన్ ఇస్తున్నారు కదా, ఆ పది నిమిషాలూ మామ్మే మాట్లాడేస్తోంది. నువ్వు ఇండియా జెర్సీ వేసుకున్న ఫోటో పట్టుకుని మొన్న బలిఘట్టం గుడికి వెళ్లి కొబ్బరికాయ కొట్టింది. "ఏటి మొక్కేవమ్మా?" అని నాన్న అడిగితే, "పిల్ల గోలు కొట్టాలని మొక్కేన్రా. గోలంటే ఏటో నువ్వే సెప్పు" అంది. నాన్న నాతవరం తిప్పే తన ఆటో వెనక అద్దం మీద నీ పేరు రాయించారు.

ఇక నువ్వడిగినవాటికి వస్తాను. జట్టు ఇన్నాళ్లూ ఇద్దరు ఫార్వర్డులతో ఆడేది, ఇప్పుడు కోచ్ గారు ముందు ఒక్కరినే ఉంచుతున్నారు, ఆ ఒక్కదానివీ నువ్వే అన్నావు. గోలుకు వీపు పెట్టి వెనక్కి రావాలి, వాళ్ల డిఫెండరును నీ వెంట లాక్కురావాలి, బంతి అందగానే ఎటంటే అటు గిర్రున తిరగాలి, ఆ ఖాళీలోకి రెండు వైపుల నుంచీ మనవాళ్లు దూసుకుపోవాలి. మంచి ఎత్తే. మూడు కాగితాల నిండా బొమ్మలు గీసి చూశాను, ఎక్కడా తప్పు దొరకలేదు. "మరి కుడికి తిరగమంటే నాకెందుకు రావడం లేదు, ప్రతిసారీ ఎడమకే ఎందుకు పోతున్నాను, ఒక్కవైపు ఆటే ఎందుకు నేర్పావమ్మా?" అని అడిగావు.

మన గ్రౌండులో కుడివైపు జీడిపిక్కలు ఆరబోస్తారు, తాడు కట్టి ఉంటుంది, అందుకే అని చెబుతూ వచ్చాను. జీడిపిక్కలు రెండు నెలలే ఉంటాయి దుర్గా. వాళ్లు ఎత్తుకెళ్లాక కూడా ఆ తాడు విప్పనివ్వనిది నేనే.

రెండేళ్ల కిందట నక్కపల్లి మ్యాచ్‌లో పడ్డావు, గుర్తుందా? విశాఖలో స్కాన్ తీయించి, బెణికిందన్నారని చెప్పాను. అబద్ధం చెప్పాను తల్లీ. ఎడమ మోకాలి లిగమెంటు సగం తెగింది, ఆపరేషన్ చేసి ఏడాది ఆట మాన్పించాలి అన్నారు డాక్టరు గారు. మూడు వారాల్లో స్టేట్ సెలక్షన్లు, అండర్ సెవెంటీన్‌కి నీకదే ఆఖరి ఏడాది. కుడికి తిరగాలంటే ఒంటి బరువంతా ఎడమ మోకాలి మీద పడుతుంది. అందుకని కుడికి తిరిగే అవసరమే రాని ఆట నీకు నేర్పాను. అది నీ స్టయిలని పేపర్లో రాస్తే, సిగ్గులేకుండా కత్తిరించి దాచుకున్నాను. నీ కోసమే అనుకున్నానప్పుడు. ఇరవయ్యేళ్లు డ్రిల్లు టీచరుగా ఎండలో విజిలూదాను, నేను తయారుచేసిన పిల్ల అని ఒక్కసారి అనిపించుకోవాలన్న ఆశ కూడా ఉంది.

మొన్న ప్రాక్టీసులో మోకాలు పక్కకి జారినట్టయింది, నొప్పి లేదులే అని రాశావు చూడు, అది చదివాక నాన్నకు అంతా చెప్పేశాను. ఆయన కేకలెయ్యలేదు. "పిల్ల కాలితో ఆడుకున్నావేటే, రోజా" అన్నారు. కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టి, "బేగి రాసియ్యి. పోస్టొద్దు, నేనే రైలెక్కుతాను" అన్నారు.

స్కాన్ కాగితాలు ఇందులోనే పెట్టాను. మీ కోచ్ గారికి చూపించు. శనివారం మ్యాచ్‌లో నీ పేరు తీసేస్తారు, తెలుసు. ఇంటికి పంపేస్తారేమో కూడా. నీ కాళ్లు పట్టుకుంటాను, ఆడకు దుర్గా. ఆ మోకాలు పూర్తిగా తెగితే ఇక ఏ ఆటా ఉండదు. కోచ్ గారి నంబరు తీసుకుని కూడా ఫోన్ చెయ్యలేకపోయాను, నీ కాలి సంగతి నీకు తెలియకుండా ఇంకొకరితో మాట్లాడటం మళ్లీ నావల్ల కాలేదు. శుక్రవారం సాయంత్రం దాకా చూస్తాను. నువ్వు చెప్పకపోతే నేనే చెప్పేస్తాను, జన్మలో నువ్వు నా మొహం చూడకపోయినా సరే.

పొద్దున్న గ్రౌండుకెళ్లి తాడు విప్పేశాను. కుడివైపు కూడా ఆడండర్రా అని మన పిల్లలకు చెప్పాను. తాడుండే చోటిదాకా బంతి తెచ్చి, ఆగి, మళ్లీ అందరూ ఎడమకే తిరిగారు.

ఇట్లు,
నిన్ను ఎడమకు నెట్టిన మీ అమ్మ,
రోజారమణి