మారెన్ పెయ్య

అమ్మకి,

ఇక్కడి నుంచే తల వంచాను. నీ అరచెయ్యి ఈ కాగితం పై అంచు మీద ఒకసారి ఆనించు, నా నెత్తిన పెట్టినట్టే అనుకుంటాను. మేమూ పశువులూ బాగున్నాం. నీ కంటి కట్టు విప్పారని తెలిసి నా పెళ్ళాం నషిపాయ్ వాడంతా చెప్పుకుని తిరిగింది. సిమలోయ్ అక్కా, చదివి వినిపించేటప్పుడు మధ్యలో నీ సొంత తిట్లు కలపకు. నాకు పడాల్సినవి ఎలాగూ ముందున్నాయి.

నువ్వడిగినవాటికి వరసగా చెబుతాను. వాన రెండుసార్లు పడింది. ఏరు దాటాలంటే మోకాళ్ళు తడుస్తున్నాయి, అంతే. గోధుమరంగు ఆవు ఈనింది. కోడెదూడే, నాలాగే తిన్నచోట నిలవదు. కంచెలో దుమ్ములగొండి దూరిన సందు ముళ్ళకంపతో మూసేశాను. నీ ఇంటి కప్పు మీద నషిపాయ్ కొత్తగా పేడ మెత్తింది. నేను సాయం చేస్తానంటే, "ఆడవాళ్ళు కట్టే ఇంటి మీద నీ చెయ్యి పడితే తొలి వానకే కూలుద్ది, అవతలికి పో" అంది.

ఇక నీ ఆఖరి ప్రశ్న, తుంటరి పనులు మానేశానా అని. దానికి జవాబు కాస్త ఆగి రాస్తాను.

గురువారం మనింటికి అతిథులు వస్తున్నారు. డెన్మార్క్ వాళ్ళు, యెస్పర్, అతని భార్య బిర్గిత, కూతురు మారెన్. సింహాలనీ ఏనుగులనీ చూడ్డానికి కుటుంబంతో సఫారీకి వచ్చి, రెండు రోజులు నేను పనిచేసే శిబిరం గుడారంలో కాకుండా మన మట్టి ఇంట్లో పడుకుంటారట. సొరబుర్రలో పాలు తాగాలి, పూసలు గుచ్చడం నేర్చుకోవాలి, మన కుర్రాళ్ళ ఎగురుడాట చూడాలి, ఇలా బిర్గిత ఉత్తరంలో చాంతాడంత రాసింది. నాలుగు రోజులుగా ఇంట్లో ఎవరికీ కాలూ చెయ్యీ ఆడడం లేదు. నషిపాయ్ సొరబుర్రల్ని నిప్పు కొరివితో తోమి, కడిగి, మళ్ళీ తోముతోంది. నేను ఆ చోటు నుంచి ఈ చోటికి తిరుగుతున్నాను. మొన్న ఒకే మేకని రెండుసార్లు పితకబోయాను. అది నన్ను చూసిన చూపు నీ చూపే.

నువ్వు బుధవారం బస్సుకే రావాలమ్మా. డాక్టరు ఇంకో వారం ఉండమన్నాడని తెలుసు. అయినా రావాలి. ఎందుకో చెబుతాను.

పదేళ్ళ కిందట వీళ్ళు చంకలో పాలుతాగే పిల్లతో మన వాడకొచ్చారు, గుర్తుందా? నువ్వు ఆ పిల్లని దగ్గరికి తీసుకుని నుదుటి మీద ఉమ్మి, "ఎంత వికారంగా ఉందే ఇది, దుమ్ములగొండి కూడా ముట్టదు" అన్నావు. ఏ పిల్లనైనా చల్లగా బతకమని అనే మాటే. బిర్గిత ముఖంలో నెత్తురు లేదు. పిల్లని లాక్కుని, మీ అమ్మ ఏమందని నన్నడిగింది.

ఉన్నదున్నట్టు చెబితే ఆవిడ అక్కడే ఏడ్చేసేది. సర్దిచెబితే సరిపోయేది, కానీ నా నాలుక సంగతి నీకు తెలుసుగా. "మా అమ్మ మీ పిల్లకి ఒక పెయ్యదూడని ఇచ్చింది" అన్నాను. అంతటితో ఆగానా? "ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ ఇకమీదట పేర్లు పెట్టి పిలుచుకోరు, పాషే అని పిలుచుకుంటారు" అని కూడా చెప్పాను. యెస్పర్ ఆ మాట పుస్తకంలో రాసుకున్నాడు. మాట నిజం, దూడ అబద్ధం. ఆ పూట శిబిరంలో వంటవాడితో కలిసి కడుపు పట్టుకుని నవ్వాను.

ఆ ఏడాది నుంచి ఏటా ఉత్తరం వస్తోంది, నీ పేరు మీదే. ముందు తండ్రి రాసేవాడు, తర్వాత పిల్లే రాస్తోంది. "పాషే, మన ఆవు ఎలా ఉంది?" అని. నీకు ఒక్కటీ చూపించలేదు. నువ్వు రాసినట్టు నేనే జవాబులు పంపాను. పెయ్య ఎదిగిందని, చూడి కట్టిందని, పాలు పితికేటప్పుడు తంతుందని, అచ్చం నా కొడుకు బుద్ధే దానిదని.

కరువొచ్చిన ఏడు మన మందలో సగానికి పైగా పోయింది కదమ్మా. ఆ పిల్ల ఆవుని మాత్రం ఉత్తరంలో చంపడానికి చెయ్యి రాలేదు. కరువు సంగతి వాళ్ళకీ తెలిసిందట. "పాషే, గడ్డి పంపమంటావా" అని రాసింది. అది చదివాక వంటవాడు నవ్వాడు, నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు తన ఆవుని చూడ్డానికే వస్తోంది.

మొదట పాత బుద్ధే పుట్టింది. పక్కింటి లెకిషోన్ దగ్గరికి పోయి ఒక రోజుకి ఆవునీ దూడల్నీ ఎరువిమ్మన్నాను.

"ఇస్తాను బావా, దానికేం. కానీ ఆ పిల్ల నా ఆవు మెడ మీద చెయ్యేసి నాది అంటే, నేను కాదనాలా, అవుననాలా?"

"చిన్నపిల్ల మాటరా, పోతుంది."

"మరి మీ అమ్మని పాషే అని పిలిస్తేనో? అదీ పోద్దా?"

వాడు దుప్పటి భుజాన వేసుకుంటూ, "మనుషుల మీద నువ్వేసిన ఎకసెక్కాలు విని నేనూ నవ్వాను. పశువు మీద వెయ్యకూడదు బావా" అని వెళ్ళిపోయాడు.

నషిపాయ్‌కి చెబితే సొరబుర్ర తోమడం ఆపలేదు. "ఊరందరి దగ్గరా కోతలు కోస్తావే, ఆ పొడల పెయ్య. దాన్నియ్యి" అంది.

"అదే మందలో మేలైనది కదే."

"అందుకే."

నిన్న పొద్దున దాన్ని వేరుగా కట్టాను. మంద నాదే, ఇవ్వడం నా చేతిలో పనే. కానీ ఇచ్చింది నువ్వని చెప్పాను. ఆ పిల్ల పదేళ్ళుగా పాషే అంటున్నది నిన్ను, నన్ను కాదు. నేను తాడు చేతికిచ్చినా నువ్వు పలక్కపోతే అది ఇచ్చినట్టు కాదు. నీ నోటితో నేను అబద్ధమాడాను. దాన్ని నిజం చెయ్యమని అడిగే ముఖం నాకు లేదు, అయినా అడుగుతున్నాను.

గురువారం ఆ పిల్ల నీ ముందు తల వంచుతుంది. ఇంటి దగ్గర సాధన చేసిందట. వంచి, నిన్ను పాషే అని పిలుస్తుంది. నువ్వూ పాషే అంటే పొడల పెయ్య దానిదే. మన మందలోనే మేస్తుంది, దానికి పుట్టినవీ ఆ పిల్లవే, లెకిషోనే సాక్షి. ఉత్తరాల్లో నేను పెంచిన ఆవు లేదని ఆ పిల్లకి తర్వాత నేనే చెప్పుకుంటాను. నువ్వు "ఏమ్మా" అని ఊరుకుంటే నాకర్థమవుతుంది. అక్కడే, అందరి ముందూ, ఉన్నదంతా యెస్పర్‌కి చెబుతాను. అందులో ఒక్క నవ్వులాట మాటా ఉండదు.

ఏది చేస్తావో ముందుగా కబురు పంపకు. తెలిస్తే మళ్ళీ ఏదో ఒక వేషం వేస్తాను.

నువ్వేం చెప్పినా వచ్చినవాళ్ళ భాషలోకి తిరగేసి చెప్పడం ఇన్నాళ్ళూ నా పని. ఆ ఒక్క క్షణం మాత్రం నేను దూరంగా పశువుల దగ్గర నిలబడతాను. ఆ మాటని ఎవరూ తిరగేసి చెప్పక్కర్లేదు, ఆ పిల్లకి వచ్చు.

ఇట్లు,
నీ చెయ్యి కోసం ఇంకా తల వంచే ఉన్న
నీ నడిపి కొడుకు కోయినెట్