ఏడో మడిలో కాసిన ఒక్క కాయను లెక్కలో చేర్చుట గురించి

ఉద్యానవన పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు ఏడో మడి తోటమాలి వ్రాసుకొను అర్జీ.

విషయం: తెల్లతీగల మడిని తవ్వివేయు ఉత్తర్వు నిలుపుదల మరియు తమరు కోసి చూసిన కాయను కాయగా గుర్తించుట – గురించి.

అయ్యా,

నేను ఇరవై రెండేళ్లుగా ఏడో మడి చూసుకుంటున్నాను. ఈ నేలలోనే పుట్టిన తెల్లతీగ ఇప్పుడు ఈ ఒక్క మడిలోనే మిగిలిందని కార్యాలయం బోర్డు మీదే రాసి ఉంది. పూత కాలం ముగిసేలోగా ఒక్క కాయైనా కనబడని పక్షంలో మడి తవ్వివేయబడునని గత నెల తమరు ఉత్తర్వు ఇచ్చారు. అందుపై మనవి చేసుకునేది ఏమనగా:

1. మూడేళ్ల క్రితం తమ ఆదేశం మేరకు కంచె పొడవునా అరవై పసుపుపూల పొదలు నాటాం. అవి సముద్రం అవతలి నుంచి వచ్చినవి. వాటికి ఎవరూ నీళ్లు పోయలేదు, ఎరువు వేయలేదు. ఇప్పుడవి కాలువలో ఉన్నాయి, గోడ పగుళ్లలో ఉన్నాయి, తమ కార్యాలయం పైకప్పు మీదా ఉన్నాయి. తోటలోని తేనెటీగలన్నీ అక్కడే మకాం. దారి తప్పి నా మడికి వచ్చే ఒకటీ అరా కూడా ఒళ్లంతా ఆ పసుపు పుప్పొడి పూసుకొచ్చి తెల్లపువ్వు నడిమి కాడకి పులిమి పోతున్నాయి. ఆ పొడి దీనికి పనికిరాదు. పైగా పనికొచ్చే పొడి అంటుకోవడానికి చోటు ఉండనివ్వదు.

2. అయినప్పటికీ "పసుపు పొదకు సగటున నాలుగు వేల గింజలు, ఏడో మడిలో సంతాన సాఫల్యం శూన్యం, సంజాయిషీ ఇవ్వవలెను" అని నాకు మెమో వచ్చింది. ఉత్తమ మడి బహుమతి కంచెకి ఇచ్చారు. కంచెకి తోటమాలి లేడు గనుక గుమాస్తా గారు అందుకున్నారు. ఆయనకి పుప్పొడి పడదు, ఆ వైపే వెళ్లరు.

3. గత నెల తనిఖీలో సిబ్బంది అందరి ముందూ తమరు అన్నారు: "ఇంట్లోనూ ఏం కాయలేదు, తోటలోనూ కాయలేదు. లోపం నీ చేతిలోనే ఉందయ్యా." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఉద్యోగం కదా. క్యారేజీ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డ మా ఆవిడ నవ్వలేదు. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదని తమ దృష్టికి తెస్తున్నాను. దీనికి సంజాయిషీ ఎవరిని అడగాలో నాకు తెలియదు.

4. మర్నాటి నుంచి ఆమె కూడా తెల్లవారగానే మడికి వస్తోంది. ఉద్యోగి కాని మనిషి మడిలో దిగడం నిబంధనలకు విరుద్ధమే, ఒప్పుకుంటున్నాను. నేను కుంచెతో ఒక తీగ పొడి ఇంకో తీగ పువ్వుకి అద్దుతుంటే నాలుగు రోజులు చూసింది. పువ్వులన్నీ ఎండి రాలిపోయాయి. ఈ తీగలు ఎక్కడివని అడిగింది. మొక్కల సంఖ్య పెంచమని వెనకటి అధికారి అంటే ఒకే తీగ కొమ్మలు కోసి పాతానని చెప్పాను. ఆమె నెత్తి కొట్టుకుంది. "తోడబుట్టినవాళ్లకి పెళ్లిళ్లు చేస్తున్నావా ఇన్నాళ్లూ? మడి మూల పంపు దగ్గర గింజ పడి మొలిచింది ఒకటుందిగా, దాని పొడి పట్రా" అంది. మునుపు ఆ పని తేనెటీగలే చేసిపెట్టేవని నాకు అప్పుడు వెలిగింది. ఈ బుద్ధితక్కువ మాత్రం నాదే, రికార్డులో రాసుకోవచ్చు.

5. ఆ పొడి అద్దాక ఒక్క కాయ నిలిచింది. బొటనవేలి కొనంత. మా ఆవిడ దానికి పాత గుడ్డతో సంచీ కుట్టి కట్టింది. ఈ నెల తనిఖీలో తమరు సంచీ విప్పి, ఇది కాయో బుడిపో చూద్దామని తుంచి, జేబులోని చాకుతో రెండు చెక్కలు చేశారు. లోపల పదకొండు గింజలు, ఇంకా పాలు కారుతున్నాయి. "ఉన్నాయే" అని తమరు వేళ్లు తుడుచుకున్నారు. తీగ మీద ఉన్న కాయలే లెక్కకు వస్తాయని గుమాస్తా గారు నిబంధన చదివారు. తీగ మీద ఏమీ లేదు. సున్నా వేశారు, తమరు సంతకం పెట్టారు. అయ్యా, కోసిన చెయ్యి తమది, సున్నా నాది. ఇదెక్కడి న్యాయమని అడిగేంతటివాణ్ని కాదు గనుక అడగడం లేదు, రాస్తున్నాను. రాస్తుంటే ఒళ్లు మండుతోందని కూడా మనవి చేస్తున్నాను.

6. ఈ సంగతి మా ఆవిడకి చెప్పలేదు. చిలక కొట్టిందన్నాను. ఆమె కాసేపు ఆ కాడ వంకే చూసి, "కొడితే కొట్టనీ, దానికి కాయడం వచ్చని తెలిసింది కదా" అంది. కార్యాలయం లెక్కలో పూత కాలం ఈ తనిఖీతో ముగిసింది గానీ, తీగల మీద ఇంకా పదిహేడు మొగ్గలున్నాయి. పది రోజులు చాలు.

కావున తమరు దయతలచి ఆ కాయను లెక్కలో చేర్చాలనీ, అది కుదరని పక్షంలో పది రోజులు గడువు ఇప్పించాలనీ ప్రార్థన. పూర్తిగా చదివి, ఆపైన చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఏడో మడి తోటమాలి

తా.క.: ఈ అర్జీ తీసుకుని పొద్దున పదింటికి తపాలా బల్ల దగ్గరికి వెళ్లాను. అమలు కాని ఉత్తర్వు ఉన్న ఉద్యోగి దగ్గర అర్జీ తీసుకోకూడదట. మడి తవ్వే ఉత్తర్వు నా పేరు మీదే ఉంది. గుమాస్తా గారు మర్యాదగానే చెప్పారు: "తవ్వేసి, పని పూర్తయినట్టు కాగితం పట్రా. వెంటనే ముద్ర కొడతాను." అర్జీ తమకు చేరకపోతే ఎలా అని తవ్వాను. పంపు దగ్గరదాన్ని కూడా తవ్వాను. వేళ్లు లోతుకి దిగాయి, మధ్యాహ్నం దాకా పట్టింది. పని పూర్తి పత్రం జతపరిచాను, ముద్ర పడింది. పైన రాసిన ప్రార్థనలు రెండూ వదిలేయండి. రేపు తెల్లవారగానే మా ఆవిడ మడికి వస్తుంది. ఆమెకు ఎవరు చెప్పాలో ఉత్తర్వు ఇప్పించండి.