నీ పేరున పెట్టిన పచ్చదనం పండగ

అక్కా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. సర్జాపుర రోడ్డులో నువ్వున్న అపార్ట్‌మెంటు వాళ్ళు నిన్న నీ పేరు మీద పిల్లలకు పచ్చదనం పండగ పెట్టి, నన్నూ పిలిచారు. గేటు నిండా బెలూన్లు, వేదిక వెనక ఫ్లెక్సీ మీద నీ ఫోటో. వంటింటి చెత్తతో నువ్వు చేసే ఎరువు వాసనొస్తుందని నీతో రోజూ పోట్లాడిన సెక్రటరీయే మైకు పట్టుకుని నిన్ను తెగ పొగిడాడు. నువ్వు పోయిన నెలకే నీ ఎరువు డ్రమ్ములను చెత్తబండి ఎక్కించినవాడూ అతనే. వింటుంటే ఒళ్ళు మండిపోయింది.

ఆదివారాలు నీతో కూరగాయల తొక్కలు ఏరి, వానపాములకు పేర్లు పెట్టి ఆడుకున్న చార్వి లేచి నిలబడింది.

"అంకుల్, ఆంటీ డ్రమ్ములు ఎక్కడుండాయి? మా వానపాములేమైనాయి?"

"అదంతా గలీజు పాపా. ఇప్పుడు బెలూన్లు పగలగొట్టే ఆట ఉండాది, గెలిస్తే ప్రైజు," అని సెక్రటరీ నవ్వాడు.

"మీ ప్రైజు నాకొద్దు," అని ఆ పిల్ల ఏడుస్తూ వెళ్ళిపోయింది.

తర్వాత నీ తరఫున జ్ఞాపిక అందుకోమని నన్ను పిలిచారు. వేదికెక్కి, రిబ్బన్ కోయడానికి పెట్టిన కత్తెర తీసుకుని, ఫ్లెక్సీలోంచి నీ ఫోటో కత్తిరించాను.

"ఏమప్పా, ఏం చేస్తా ఉండావు?" అని సెక్రటరీ అరిచాడు.

"మా అక్కను ఇంటికి తీసుకుపోతా ఉండాను."

నువ్వుంటే, పోనీలేరా, క్షమించెయ్యి అనేదానివి. నువ్వు లేవు. నేను క్షమించను.

నీ తమ్ముడు