నేను చూపించిన హద్దురాయి

నరసరావుపేట,
11 ఫిబ్రవరి, బుధవారం.

ప్రియమైన రుక్సానా ఆపాకి,

నీ తమ్ముడు నదీం సలాములు. ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని తిట్టుకుంటూనే విప్పి ఉంటావు. నీకు చెవి సరిగ్గా వినపడదు, నీ మెసేజీలన్నీ ఆస్మా ఫోనుకే వస్తాయి. నీ కోడలు బంగారం లాంటి పిల్లే, కానీ ఇప్పుడు రాయబోయేది ఆమె నోటి మీదుగా నీకు చేరకూడదు. అందుకని గురజాల బస్సులో పంపిస్తున్నాను.

ముందు చిన్న పని చెబుతాను. గుంటూరు కంపెనీ ఒకటి తన వెంచర్లు అమ్మే ఏజెంట్లందరి ఫోటోలూ పెట్టి ఇంటర్నెట్లో ఒక పేజీ తయారు చేస్తోంది. ఫోటో కింద మన గురించి మనమే పది లైన్లు రాసుకోవాలట. చదివిన వాళ్ళకి నమ్మకం కలగాలట. స్థలం కొనేవాడు ఇప్పుడు స్థలం కన్నా ముందు మనిషిని ఫోనులో చూసుకుంటున్నాడని మేనేజరు మీటింగ్ పెట్టి మరీ చెప్పాడు. ముప్పై ఏళ్ళు తెలుగు టీచరుగా చేసిన అక్క ఉండగా నాకేం భయం అనుకుని కూర్చున్నాను. వారం నుంచి కూర్చునే ఉన్నాను. ఇదిగో, వచ్చింది ఇంతే:

"నా పేరు షేక్ నదీం. ఇరవై రెండేళ్ళుగా పల్నాడులో పొలాలూ స్థలాలూ చూపిస్తున్నాను. కొన్నవారి చేతిని హద్దురాయి మీద పెట్టించి, దాని మీద నా చెయ్యి వేసి, ఇది మీదే అని చెప్పడం నా పద్ధతి. నేను చూపించిన ఏ హద్దు మీదా ఇంతవరకు తగాదా రాలేదు."

నాలుగో వాక్యం దగ్గర ఆగిపోయాను. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. తగాదా నిజంగానే రాలేదు. ఎందుకు రాలేదో నాకొక్కడికే తెలుసు. ఇవాళ నీకు చెబుతున్నాను.

బెల్లంకొండ అవతల కాలవ కట్ట పక్కన ఒక రైతు తన చేను ఆరు ముక్కలు చేసి అమ్మాడు. ఏడేళ్ళ కిందటి మాట. నాలుగో నంబరు ముక్కని ఇశ్రాయేలు గారు కొన్నారు. ఆయన కాలవ మీద లస్కరుగా పనిచేసి రిటైరైన మనిషి. ముప్పై మూడేళ్ళు షట్టర్లు ఎత్తి ఊరందరి చేలకీ నీళ్ళు వదిలాడు గానీ తనకంటూ సెంటు భూమి లేదు. షట్టరు కింద పడి నలిగిన కుడి బొటనవేలు పలకలా చదునుగా ఉండేది. నేను బండి మీద రోడ్డు వైపు నుంచి వెళ్ళాను కాబట్టి రోడ్డు వైపు నుంచే ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టి ఆయన్ని రాయి దగ్గర నిలబెట్టాను. చెయ్యి పెట్టించాను. కాగితం చూడమంటే ఆయన నవ్వి, "నువ్వు చూపిచ్చినాక ఇంకా కాయితం ఏందయ్యా" అన్నారు. మూడు నెలల తరవాత వేరే పని మీద ఆ ప్లాను విప్పితే నంబర్లు కాలవ వైపు నుంచి వేసి ఉన్నాయి. అంటే నేను చూపించింది మూడో నంబరు. అది సత్తెనపల్లి వెంకట్రామయ్య గారిది. ఇశ్రాయేలు గారి అసలు నాలుగో నంబరు పక్కనే బీడుగా పడి ఉంది.

అప్పుడు చెప్పి ఉంటే ఒక పూట పని. రెండు ముక్కలూ ఖాళీయే, ఎవరైనా కట్టడం మొదలుపెడితే అప్పుడు చూసుకోవచ్చులే అనుకున్నాను. నమ్మకస్తుడనే పేరు అప్పుడప్పుడే వస్తోంది ఆపా, అది పోతుందని భయపడ్డాను. ఇంతవరకైతే నేను నీకు ఉత్తరం రాసేవాడిని కాదు.

నాలుగేళ్ళ కిందట ఇశ్రాయేలు గారు పోయారు. సొంత నేలలో పడుకోవాలన్నది ఆయన కోరికట. నేను వెళ్ళేసరికి చేలో నలభై, యాభై మంది ఉన్నారు. ఆయన భార్య ప్రేమకుమారి గారు నా దగ్గరికొచ్చి, "మాకు ఇక్కడ అన్నీ ఒకేలాగుండయ్. మా రాయేదో నువ్వే చూపిచ్చు బాబూ, గొయ్యి తవ్వాల" అన్నారు. అందరూ నా వైపే చూస్తున్నారు. కాళ్ళు వాటంతటవే వెళ్ళి అదే తప్పు రాయి దగ్గర ఆగాయి. గడ్డపార దిగింది. పాస్టరు గారు ప్రార్థన చేశాక నేనూ పిడికెడు మన్ను వేశాను.

అప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. ఎవరి చేతినైనా రాయి మీద పెట్టించి నా చెయ్యి వేశానంటే కింద తగిలేది వాళ్ళ చెయ్యి కాదు, ఆ నలిగిన బొటనవేలు. మిట్టమధ్యాహ్నం, ఎర్రటి ఎండలో, మనుషులు పక్కనుండగానే. హద్దు అడుగులతో కొలుస్తుంటే వెనక ఇంకొకరు నాతో పాటు అడుగులు వేస్తారు. నేను ఆగితే ఆగుతారు. నాలుగు అని పైకి అన్నానంటే వెనక మెల్లిగా మూడు అని వినిపిస్తుంది. రెండేళ్ళయింది రాయి మీద చెయ్యి వెయ్యడం మానేసి; పైన రాసుకున్న ఆ పద్ధతి కూడా ఇప్పుడు పాత మాటే. ప్రతి ఏడూ ఆయన జ్ఞాపకార్థ కూటానికి ఆమె నన్ను ఫోను చేసి మరీ పిలుస్తుంది. మొదటి ఏడు వెళ్ళాను, తిన్న వెంటనే వచ్చేశాను. తరవాత ఏదో ఒక వంక చెబుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న జేసీబీ నాగూర్ వలి కనిపించి, వెంకట్రామయ్య గారి ముక్కని సుధీర్ అనే మిరపకాయల వ్యాపారి కొన్నాడనీ, వచ్చే గురువారం గోడౌనుకి పునాదులు తవ్వాలనీ చెప్పాడు. గురువారం ఆపా. ఆ బకెట్ ఎక్కడ దిగుతుందో నీకు అర్థమైందిగా. ఏం చెయ్యాలో చెప్పు.

నీ తమ్ముడు,
నదీం


గురజాల,
13 ఫిబ్రవరి, శుక్రవారం.

నదీంకి,

దీవెనలు. నీ నాలుగు వాక్యాలూ దిద్దాను. నాలుగోది కొట్టేశాను.

ఏం చెయ్యాలో నీకు తెలుసు, తెలియకపోతే నాకు రాసేవాడివి కాదు. చిన్నప్పుడు అబ్బా గడియారం పగలగొట్టి మూడు రోజులు జ్వరం తెచ్చుకున్నావు గానీ ఒప్పుకోలేదు. ఇప్పుడు నీకు నలభై ఎనిమిది. నిన్ను వెంటాడుతున్నది ఆ పెద్దమనిషి కాదురా. ఆయన పాపం నిన్ను నమ్మి పడుకున్నాడు. వెనక అడుగులు వేసేది నువ్వే.

వచ్చే వారం రంజాన్ నెల మొదలు. నోట్లో ఈ అబద్ధం పెట్టుకుని రోజా ఎలా ఉంటావో నాకు తెలియదు. ఆమె దగ్గరికి వెళ్ళు. ఎదురుగా నోరు పెగలదు అంటావా, కాగితం మీద రాసి ఇవ్వు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేవు, అదే నీకు మంచిది.

అక్క,
రుక్సానా


బెల్లంకొండ,
15 ఫిబ్రవరి, ఆదివారం.

గౌరవనీయులైన ప్రేమకుమారి అమ్మగారికి,

నదీం నమస్కారాలు. రెండుసార్లు మీ గుమ్మం దాకా వచ్చాను. మొదటిసారి మీరు బట్టలు ఆరేస్తున్నారు. ఇవాళ చర్చి నుంచి వచ్చి బైబిలు ఇంకా చేతిలోనే పట్టుకుని పక్కింటావిడతో నవ్వుతూ మాట్లాడుతున్నారు. ఆ నవ్వు చూశాక అడుగు ముందుకు పడలేదు. అందుకే మీ వీధి చివర హజ్రా బీ కొట్టులో కూర్చుని ఇది రాస్తున్నాను. ఆమె చేతే పంపిస్తాను.

అమ్మా, ఇశ్రాయేలు గారికి నేను చూపించిన రాయి తప్పు. మీరు కొన్నది నాలుగో నంబరు. నేను నంబర్లు తిరగేసి లెక్కపెట్టి మూడోది చూపించాను. అది పొరపాటు. మూడు నెలలకే నాకు తెలిసింది, చెప్పలేదు. అది పొరపాటు కాదు. ఆయన పోయిన రోజు గొయ్యి ఎక్కడ తవ్వాలో మీరు నన్నే అడిగారు. తెలిసి తెలిసి, మీ అందరి ముందూ పరువు పోతుందని, పరాయి నేలలో తవ్వించాను. దీనికి ఏ పేరు పెట్టాలో నాకు తెలియడం లేదు.

గురువారం ఆ ముక్కలో పునాదులు తవ్వుతారు. ఇవాళే సత్తెనపల్లి వెళ్ళి వెంకట్రామయ్య గారి కాళ్ళు పట్టుకుంటాను. సుధీర్ గారికీ చెబుతాను. ఎవరూ వినకపోతే జేసీబీకి అడ్డంగా నేను కూర్చుంటాను. కానీ అన్నిటికన్నా ముందు మీకు తెలియాలి. నన్ను క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. మీరు ఏం చెయ్యమంటే అది చేస్తాను. పదిమందిలో చెప్పమన్నా చెబుతాను.

మీ నమ్మకం నిలబెట్టుకోలేని,
నదీం


బెల్లంకొండ,
17 ఫిబ్రవరి, మంగళవారం.

నదీం బాబుకి,

ప్రేమకుమారి వందనాలు. నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. సత్తెనపల్లిలో వెంకట్రామయ్య గారు ఇంట్లో లేరని, తాళం చూసి తిరిగొచ్చావని హజ్రా బీ చెప్పింది. ఆయన కూతురి దగ్గరికి వెళ్ళారు. ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కరలేదు. గురువారం సుధీర్ తవ్వేది నాలుగో నంబరులో. మా ఆయన పడుకున్నది మూడులో. ఆ మూడో నంబరు ఇప్పుడు నాదే.

మట్టి చేసిన మూడో రోజున వెంకట్రామయ్య గారి మనిషి ఒకతను వచ్చి ఇది మీది కాదమ్మా అన్నాడు. ముందు నమ్మలేదు. నదీం బాబు చూపించాడయ్యా అని అతన్నే కసిరాను. తరవాత కాగితం పట్టుకుని సర్వేయరు దగ్గరికి వెళ్ళాను. తెలిసిన రోజు నేను ఏడ్చిన ఏడుపు ఆయన పోయిన రోజున కూడా ఏడవలేదు. మర్నాడు సత్తెనపల్లి వెళ్ళి వెంకట్రామయ్య గారి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన అంతా విని, "చచ్చినాయన్ని లేపి పక్కకి జరుపుతామా ఏందమ్మా? ఆ ముక్క నువ్వుంచుకో, నీది నాకియ్యి" అన్నారు. ఆ ఏడే ఇద్దరం రిజిస్ట్రారాఫీసులో ముక్కలు మార్చుకున్నాం. నిన్ను పిలవలేదు. నీకు చెప్పొద్దని ఆయన దగ్గర మాట తీసుకున్నాను.

ఎందుకో చెబుతాను. నువ్వు పొరపాటు పడ్డావా, తెలిసే చేశావా అన్నది నాకు తేలలేదు. కానీ గొయ్యి దగ్గర మన్ను వేసేటప్పుడు నువ్వు గొయ్యిలోకి కాదు, పక్క ముక్క వైపు చూశావు. నేను చూశాను. నీకు తెలుసేమోనని ఆ చూపు గుర్తొచ్చినప్పుడల్లా అనిపించేది. తెలిస్తే నువ్వే వచ్చి చెబుతావని చూశాను. కూటానికి ఏడాదికోసారి నిన్ను పిలిచింది అందుకే. మొదటి ఏడు వచ్చావు, తలెత్తకుండా తిని వెళ్ళావు. తరవాత అదీ లేదు. నీ మీద కోపం పెట్టుకుని ప్రార్థనకి మోకరించడం ఎంత కష్టమో నీకు తెలియదు. నాలుగేళ్ళు మోకరించాను బాబూ. మా ఆయనకి మాత్రం ఏమీ తెలియదు. నువ్వు చూపించిందే తనదనుకుని సంతోషంగా పోయాడు. నీ మీద కోపం తగ్గినప్పుడల్లా ఆ సంగతి గుర్తొచ్చి మళ్ళీ పెరిగేది.

నిన్ను క్షమించానని ఇవాళే రాయలేను. రాస్తే అబద్ధమవుతుంది, ఇద్దరం కలిసి అబద్ధాలు ఆడినట్టవుతుంది. కొంచెం తేలికైంది, అంతవరకు నిజం. గురువారం పొద్దున్నే చేలోకి రా. జేసీబీ దిగకముందే మూడుకీ నాలుగుకీ మధ్య కొత్త రాయి పాతాలి. సర్వేయరుని నేను పిలిచాను. ఈసారి కాగితం చేతిలో పెట్టుకుని నువ్వే దగ్గరుండి పాతించు. మా ఆయన దగ్గర నిలబడి ఏం చెప్పుకుంటావో చెప్పుకో, నేను వినను.

మీ కంపెనీ పేజీ సంగతి కూడా హజ్రా బీ చెప్పింది. కొట్టులో కూర్చుని ఆమెతో అన్నావట, ఇక ఏం రాసినా అబద్ధమే, ఆ పేజీలో నా పేరు వద్దని చెప్పేస్తానని. మానెయ్యొద్దు. రాయి. నీ గురించి నన్నడిగి తెలుసుకోమని కింద నా నంబరు వేసుకో. ఫోను చేసిన వాళ్ళకి జరిగింది జరిగినట్టు చెబుతాను. రాయి తప్పు చూపించాడు, తెలిసి కూడా మా ఆయన గొయ్యి అక్కడే తవ్వించాడు, ఒప్పుకోవడానికి నాలుగేళ్ళు పట్టింది, ఒప్పుకున్నాడు. ఆ తరవాత నీ దగ్గర కొంటారో మానేస్తారో వాళ్ళ ఇష్టం.

ఇట్లు,
ఇశ్రాయేలు గారి భార్య,
ప్రేమకుమారి